చిన్న పరిశ్రమకు ముందుగా వ్రాయవలసిన లెక్క

సహకారసంఘముల యొద్దకు వచ్చు ఋణపు దరఖాస్తులలో నేడు పంటఋణములతోపాటు చిన్న పరిశ్రమల ఋణములును చేరుచున్నవి. నూనెగానుగ, పిండిమర, మిరపపొడి, పసుపుపొడి, పాలకోవా, అప్పడములు మున్నగునవి రైతుకుటుంబములు పెట్టదలచుచున్న పనులు. పంటను పండినది పండినట్లే అమ్ముకొనుటకంటె దానిని సరకుగా మార్చి యమ్ముకొనుట మేలని యెల్లరును చెప్పుదురు. ఆ మాట నిజమే. కాని ఆ మేలు ప్రతి యూరను ప్రతి యింటను సమకూరునని చెప్పుటకు వీలులేదు. సమకూరునో లేదో పని పెట్టకముందే చూచుకొనుటకు సాధనము అంచనా లెక్క.

దరఖాస్తుతో అంచనా కాగితము జతపరుపవలెనని బ్యాంకులును సంఘములును కోరుచుండును. తఱచుగా ఆ కాగితమును యంత్రము నమ్మువాడో, రుసుము పుచ్చుకొని దరఖాస్తులు వ్రాసిపెట్టువాడో తయారుచేయును. రైతు దానిపై సంతకము మాత్రము చేయును. అందు లాభము తప్పక చూపబడును. లేనిచో యంత్రము అమ్ముడుపోదు, రుసుము రాదు. అయితే వాయిదాలు తప్పినపుడు జవాబు చెప్పవలసినవాడు ఆ కాగితము వ్రాసినవాడు కాడు, భూమిని హామీగా నుంచిన రైతు. కావున అంచనాను ఋణమిచ్చువారికొఱకు గాక తనకొఱకు రైతు తానే వ్రాసికొనవలెనని మా మనవి. కూడిక, తీసివేత, గుణకారము, భాగహారము వచ్చిన వారెవరైనను దీనిని వ్రాయగలరు. ఇంటిలో చదువుకొను పిల్లలు తోడ్పడినచో మఱింత సులభము.

ఈ పాఠమునకు ఒక కట్టెగానుగను ఉదాహరణముగా గైకొందుము. అనంతపురము జిల్లావంటి వేరుశెనగ సీమలో ఒక సభ్యుడు తన యింటియొద్ద మూడు అశ్వశక్తుల మోటారుతో నడచు గానుగను పెట్టదలచెననుకొందము. ఇందు చెప్పు ధరలు, జీతములు, వడ్డీరేట్లు లెక్క నేర్చుటకై మేము అనుకొన్నవి మాత్రమే. ఏ యూరి నేటి ధరలును కావు. చదువరులు ఆ స్థానములందు తమ యూరి ధరలను వేసికొనవలెను.

మొదటి పెట్టుబడి

ముందుగా పని ఆరంభమగునప్పటికి ఒక్కసారి పెట్టవలసిన ఖర్చులను వ్రాయవలెను.

గానుగ, మోటారు, రవాణా, బిగింపుతో సహా: రూ. 2,00,000
గది మరమ్మతు, విద్యుత్తు తీగలు: రూ. 60,000
నూనె తేర్చుకొను పీపాలు, కాటా, డబ్బాలు: రూ. 40,000
మొత్తము: రూ. 3,00,000

యంత్రపు ధర నొకరినే అడిగి వ్రాయరాదు. ఇద్దరు ముగ్గురి యొద్ద ధరపత్రములు తీసికొని, రవాణా, బిగింపు, మొదటి యేటి మరమ్మతు అందులో చేరియున్నవో లేవో విచారింపవలెను. ఇప్పటికే అట్టి గానుగ నడపుచున్న మఱియొక యూరికి పోయి ఒక దినము చూచి వచ్చుట అన్నిటికంటె మేలు. ఆహారపదార్థములను తయారుచేసి యమ్మువారు 2006 నాటి ఆహారభద్రత, ప్రమాణముల చట్టము ననుసరించి నమోదు గాని లైసెన్సు గాని పొందవలెను గనుక ఆ ఖర్చును మఱువరాదు. దానిని మేము గది ఖర్చులోనే చేర్చితిమి.

మన సభ్యునియొద్ద సొంత రొక్కము రూ. 1,60,000 ఉన్నది. నూటికి ఏడాదికి 12 రూపాయల వడ్డీతో ఐదేండ్ల గడువునకు రూ. 2,40,000 ఋణము దొరకును. రెండును కలిసి నాలుగు లక్షలు. యంత్రాదులకు మూడు లక్షలు పోగా పని నడపుటకు లక్ష రూపాయలు మిగులును. ఈ లక్షయే మన పాఠమునకు ముఖ్యము. ఇది చాలునా చాలదా యను ప్రశ్నకు జవాబు చివరకు గాని దొరకదు.

ఒక క్వింటాలు లెక్క

ఏ పరిశ్రమకైనను ముందు చిన్న కొలతకు లెక్క కట్టి చూడవలెను. ఇక్కడ నూరు కిలోల వేరుశెనగపప్పును తీసికొందము.

వేరుశెనగపప్పులో నూటికి 45 మొదలు 50 పాళ్ల వఱకు నూనె యుండును. కాని కట్టెగానుగ ఆ నూనెనంతయు పిండజాలదు. కొంత చెక్కలోనే నిలిచిపోవును. నూరు కిలోలకు 40 కిలోల నూనె, 57 కిలోల చెక్క వచ్చునని, 3 కిలోలు తరుగుపోవునని అనుకొందము. పప్పులో తాలు, తేమ యున్నచో నూనె ఇంకను తగ్గును.

ఇక్కడ నొక జాగ్రత్త అవసరము. గానుగలో నూనె కిలోలలో లెక్కింపబడును. అంగడిలో లీటర్లలో అమ్మబడును. లీటరు వేరుశెనగనూనె సుమారు 910 గ్రాములు తూగును. కావున 40 కిలోలు 40 లీటర్లు కావు, 44 లీటర్లు. ఈ భేదము మఱచిన లెక్కలో నూటికి దాదాపు పదిపాళ్ల తప్పు దొరలును.

నూరు కిలోల పప్పునకు రాబడి:
నూనె 44 లీటర్లు, లీటరు రూ. 280 వంతున: రూ. 12,320
చెక్క 57 కిలోలు, కిలో రూ. 40 వంతున: రూ. 2,280
మొత్తము: రూ. 14,600

ఖర్చు:
పప్పు 100 కిలోలు, కిలో రూ. 110 వంతున: రూ. 11,000
విద్యుత్తు: రూ. 120
సీసాలు, డబ్బాలు, లీటరుకు రూ. 10 వంతున: రూ. 440
బండి కిరాయి, ఎగుమతి దిగుమతి కూలి: రూ. 240
మొత్తము: రూ. 11,800

విద్యుత్తు లెక్క ఎట్లు వచ్చెనో చెప్పెదము. ఒక అశ్వశక్తి 746 వాట్లు. మూడు అశ్వశక్తుల మోటారు గంటకు సుమారు రెండుంబావు యూనిట్లు తీసికొనును. వాయికి 15 కిలోల వంతున గంటకొక వాయి ఆడిన నూరు కిలోలకు దాదాపు ఆఱు గంటల నలువది నిమిషములు పట్టును. అనగా 15 యూనిట్లు. యూనిటుకు 8 రూపాయల వంతున రూ. 120 అయ్యెను. ఇట్లు ప్రతి అంకెకును ఆధారము వెనుక నుండవలెను. ఆధారము లేని అంకెను కాగితముపై ఉంచరాదు.

సొంత పొలములో పండిన వేరుశెనగను గానుగకు వేసినను దానిని ఉచితమని వ్రాయకూడదు. మార్కెటులో అమ్మినచో ఏ ధర వచ్చెడిదో ఆ ధర వేయవలెను. లేనియెడల సేద్యపు లాభము గానుగ లాభముగా కనబడి, నష్టపడు గానుగ మంచిదిగా తోచును. ఇంటికి వాడుకొనిన నూనెను, బంధువులకిచ్చిన నూనెనుగూడ అమ్మకపు ధరతోనే లెక్కలో వ్రాయవలెను.

రూ. 14,600 లో రూ. 11,800 తీసివేయగా క్వింటాలుకు రూ. 2,800 మిగులును. ఇది లాభము కాదు. నెలనెలా కదలక నిలిచియుండు ఖర్చులన్నియు ఈ మిగులునుండియే తీరవలెను.

నెలసరి నిలుకడ ఖర్చులు

గానుగ ఆడినను ఆడకున్నను తప్పని ఖర్చులివి.

పనివాని జీతము: రూ. 10,000
ఇంటివారి కష్టమునకు కూలి: రూ. 10,000
మరమ్మతు, విద్యుత్తు స్థిరరుసుము, బీమా, ఫోను, చిల్లర ఖర్చులు: రూ. 3,100
యంత్రాదుల తరుగుదల: రూ. 2,500
ఋణముపై మొదటి నెల వడ్డీ: రూ. 2,400
మొత్తము: రూ. 28,000

ఇంటివారి కూలిని వ్రాయుటకు చాలమంది యొప్పుకొనరు. “మా పని మేము చేసికొనుటకు కూలి యేల?” అని యడుగుదురు. గానుగయొద్ద కూర్చుండు ఇల్లాలు గాని కుమారుడు గాని ఆ దినము పొలముపని మానుకొనుచున్నారు; ఆ మేరకు పొలమున కూలివారిని పెట్టవలసి వచ్చును. మఱియు ఇల్లు గడచుటకు నెలనెలా రొక్కము కావలెను. లెక్కలో వ్రాయకున్నను అది గల్లాపెట్టెనుండియే పోవును.

తరుగుదల యనగా యంత్రము అరుగుటవలన కలుగు నష్టము. మూడు లక్షల సామగ్రి పదేండ్లు పనిచేయుననుకొన్న ఏటికి ముప్పదివేలు, నెలకు రెండువేల ఐదువందలు అయినది. ఈ సొమ్ము నేడు ఎవరికిని ఇయ్యనక్కరలేదు. కాని దీనిని విడిచి లాభము చూచుకొన్నవాడు పదేండ్లకు మరల క్రొత్త ఋణమునకే పోవలసివచ్చును.

గిట్టుబాటు మట్టము

నెలకు రూ. 28,000 నిలుకడ ఖర్చు. క్వింటాలుకు రూ. 2,800 మిగులు. మొదటిదానిని రెండవదానితో భాగించిన 10 వచ్చును. నెలకు పది క్వింటాళ్ల పప్పు ఆడి, 440 లీటర్ల నూనెను, దాని చెక్కను అమ్మినపుడు లాభనష్టములు లేక సరిపోవును. అంతకు తగ్గిన నష్టము, మించిన లాభము.

ఇప్పుడు ఈ అంకెను ఊరిలోనికి తీసికొనిపోయి చూడవలెను. ఒక యింటివారు నెలకు మూడు లీటర్ల నూనె వాడుదురనుకొన్న 440 లీటర్లకు దాదాపు 150 ఇండ్లు కావలెను. ఆ ఇండ్లవారు ఇతర నూనె కొనక ఈ గానుగనూనెనే కొనవలెను. అంగడిలో చౌకగా దొరకు ఇతర నూనెలు విడిచి లీటరుకు 280 రూపాయలు పెట్టువారు ఎందఱున్నారు? పండుగనెలలో కొన్నవారు తరువాతి నెలలోగూడ కొందురా? పట్టణపు అంగళ్లు కొన్నచో ఏ ధరకు, ఎన్నిదినముల అరువునకు కొనును? చెక్కను పాడిరైతులు ఏడాది పొడుగునను తీసికొందురా? ఈ ప్రశ్నలకు ఇంటింటికి తిరిగి జవాబులు వ్రాసికొనుట అంచనాలో అన్నిటికంటె కష్టమైన భాగము.

పై గానుగ దినమునకు ఐదు వాయిల వంతున నెలకు ఇరువదినాలుగు దినములు ఆడినచో 18 క్వింటాళ్లు ఆడగలదు. యంత్రము నమ్మువాని కాగితమున ఈ 18 క్వింటాళ్లే అమ్మకముగా వ్రాయబడి, నెలకు ఇరువదివేలకు పైగా లాభము చూపబడును. యంత్రము ఆడగలిగినది వేఱు, ఊరు కొనగలిగినది వేఱు. అమ్మకపు అంచనాను ఎల్లప్పుడును కొనువారినుండి మొదలుపెట్టవలెను.

ధరల మార్పునుగూడ ఇక్కడనే చూడవలెను. క్రొత్త పంట రాకముందటి నెలలలో పప్పు ధర పెరుగుట సాధారణము. కిలోకు పది రూపాయలు పెరిగి, నూనె ధర పెంచుటకు వీలులేనిచో క్వింటాలు మిగులు రూ. 2,800 నుండి రూ. 1,800 కు దిగును. అపుడు గిట్టుబాటు మట్టము పదునైదున్నర క్వింటాళ్లు దాటును. 440 లీటర్లకు బదులు 684 లీటర్లు అమ్మవలెను. పప్పు నాసిగా నుండి నూనె 40 కిలోలకు బదులు 38 కిలోలే దిగినచో మిగులు సుమారు రూ. 2,340 అగును, మట్టము 12 క్వింటాళ్లకు పెరుగును. కిలోకు పదిరూపాయల భేదము, నూటికి రెండుపాళ్ల నూనె తక్కువ యను నంత చిన్న విషయములు గానుగ నిలుచుటను నిలువకుండుటను తేల్చుచున్నవి.

పంట వచ్చినపుడే చౌకగా కొని నిలువచేసికొనవచ్చును గదాయని కొందఱందురు. చేయవచ్చును, కాని దానికి వేఱుగా పెట్టుబడియు మంచి గిడ్డంగియు కావలెను. పప్పుకంటె కాయలు బాగుగా నిలువయుండును. తేమ తగిలిన వేరుశెనగకు బూజుపట్టి అఫ్లాటాక్సిన్ అను విషము పుట్టును. అట్టి కాయలనుండి వచ్చిన నూనెయు చెక్కయు మనుష్యులకును పశువులకును హానికరములు.

నెలనెలా రొక్కపు లెక్క

ఇంతవఱకు చూచినది లాభనష్టముల లెక్క. ఇది మాత్రమే వ్రాసి ఆగినవారు అనేకులు. కాని లాభము కాగితముపై నుండగానే గల్లాపెట్టె ఖాళీ కావచ్చును. ఏలయనగా సరకు అమ్ముడగు దినము వేఱు, సొమ్ము చేతికివచ్చు దినము వేఱు. అందుచేత ప్రతి నెలకును చేతికి వచ్చునది, చేతినుండి పోవునది, నెలాఖరు నిలువ అను మూడు గడులతో వేఱొక లెక్క వ్రాయవలెను.

ఈ లెక్కలో తరుగుదల వ్రాయరాదు, అది చేతినుండి పోదు గనుక. వడ్డీకి బదులు ఋణపు వాయిదా మొత్తము వ్రాయవలెను, అసలుగూడ చేతినుండియే పోవును గనుక. రూ. 2,40,000 కు ఐదేండ్ల సమానవాయిదా నెలకు రూ. 5,340. కావున నెలసరి రొక్కపు నిలుకడ ఖర్చు: జీతము 10,000, ఇంటివారి కూలి 10,000, చిల్లర 3,100, వాయిదా 5,340, మొత్తము రూ. 28,440.

సభ్యుడు నవంబరునందు పని మొదలిడెననుకొందము. సరకులో సగము రొక్కమునకు, సగము అరువునకు అమ్మును. అరువు మరునెలలో వసూలగును. పప్పును ఏ నెలకానెల రొక్కమిచ్చి కొనును. అమ్మకము నెలనెలా పెరుగుచుండును. ఆరంభపు నిలువ రూ. 1,00,000.

నవంబరు: ఆడినది 4 క్వింటాళ్లు, వచ్చినది రూ. 29,200, పోయినది రూ. 75,640, నిలువ రూ. 53,560.
డిసెంబరు: 6 క్వింటాళ్లు, వచ్చినది రూ. 73,000, పోయినది రూ. 99,240, నిలువ రూ. 27,320.
జనవరి: 8 క్వింటాళ్లు, వచ్చినది రూ. 1,02,200, పోయినది రూ. 1,22,840, నిలువ రూ. 6,680.
ఫిబ్రవరి: 10 క్వింటాళ్లు, వచ్చినది రూ. 1,31,400, పోయినది రూ. 1,46,440, కొరత రూ. 8,360.
మార్చి: 12 క్వింటాళ్లు, వచ్చినది రూ. 1,60,600, పోయినది రూ. 1,70,040, కొరత రూ. 17,800.
ఏప్రిల్: 12 క్వింటాళ్లు, వచ్చినది రూ. 1,75,200, పోయినది రూ. 1,70,040, కొరత రూ. 12,640.

ఈ పట్టికను నిదానముగా చూడుడు. అమ్మకము నెలనెలా పెరిగినది. ఫిబ్రవరిలో గానుగ గిట్టుబాటు మట్టమునకు చేరినది. మార్చిలో లాభములో పడినది. అయినను సొమ్ము చాలకపోయినది ఆ ఫిబ్రవరి, మార్చి నెలలలోనే. మార్చి నెలాఖరున సభ్యునికి రూ. 17,800 కొరత, అదే దినమున అతనికి రావలసిన అరువు బాకీ రూ. 87,600. సొమ్ము పోలేదు, ఇతరుల అంగళ్లలో నున్నది. కాని పప్పు అమ్మువానికిని, పనివానికిని, ఋణపు వాయిదాకును ఆ బాకీని చూపి జవాబు చెప్పుటకు వీలుకాదు.

ముందుగా ఈ లెక్క వ్రాసికొననివాడు ఫిబ్రవరిలో నూటికి రెండు రూపాయల వడ్డీకి చేబదులు తెచ్చును. నెలకు రెండు రూపాయలనగా ఏడాదికి ఇరువదినాలుగు. సంఘపు వడ్డీకి రెట్టింపు. ముందుగా వ్రాసికొన్నవానికి రెండు మార్గములున్నవి. నడుపు పెట్టుబడిని పెంచుకొనుట యొకటి. లక్షకు పైని రూ. 17,800 కొరతయు, ఒక నెల నిలుకడ ఖర్చునకు సరిపడు రూ. 28,440 నిలువయు చేర్చి సుమారు రూ. 1,46,000 చేతనుంచుకొని మొదలిడవలెను. అరువును తగ్గించుట రెండవది. సగమునకు బదులు నాలుగవపాలు మాత్రమే అరువిచ్చినచో, మార్చి నెలాఖరున రూ. 17,800 కొరతకు బదులు రూ. 26,000 నిలువ యుండును. ఋణము పెంచకయే పని గడచును.

రెండు విధముల కొరత

అంచనా ఒక్కటి వ్రాసిన చాలదు. అమ్మకమును నాలుగవపాలు తగ్గించి మరల వ్రాయవలెను. పై గానుగలో నవంబరు మొదలు ఏప్రిల్ వఱకు 3, 4½, 6, 7½, 9, 9 క్వింటాళ్లు మాత్రమే ఆడిననుకొందము. అరువు సగమే. లెక్క కట్టిన మార్చి నెలాఖరున కొరత రూ. 23,900, ఏప్రిల్ నెలాఖరున రూ. 27,140.

పైచూపునకు రెండు లెక్కలును కొరతనే చూపుచున్నవి. కాని రెంటికిని ఎంతో భేదము కలదు. మొదటి లెక్కలో మార్చి తరువాత కొరత నెలకు రూ. 5,160 వంతున తగ్గి జూలై నాటికి తీరిపోవును. రెండవ లెక్కలో అమ్మకము తొమ్మిది క్వింటాళ్లయొద్ద నిలిచెనేని కొరత నెలకు రూ. 3,240 వంతున పెరుగుచునే యుండును. మొదటిది కాలమువలన కలిగిన కొరత. పెట్టుబడి దానిని తీర్చును. రెండవది పనిలోనే యున్న కొరత; ఏ ఋణమును దానిని తీర్చదు. ఇందు అరువును నాలుగవపాలునకు తగ్గించినను ఏప్రిల్ నెలాఖరున రూ. 5,710 నిలువ కనబడి, మే నెల గడచి, జూన్ లో పెట్టె మరల ఖాళీ యగును.

ఈ రెండు కొరతలను వేఱుచేసి తెలిసికొనుటకే ఇంత లెక్కయు వ్రాయుచున్నాము. మొదటిదానిని చూచి భయపడి మంచి పనిని విడిచిపెట్టువారు కలరు. రెండవదానిని మొదటిదిగా భ్రమించి, “ఇంకొక యేబదివేలు దొరకిన నిలదొక్కుకొందును” అని ఋణముపై ఋణము తెచ్చి భూమి పోగొట్టుకొనువారును కలరు. గుర్తు సులభము: అమ్మకము నిలుకడకు వచ్చిన తరువాత ఒక నెల రాకడ ఆ నెల పోకడకు మించుచున్నదా లేదా? మించినచో కొరతకు ఋణము తెచ్చుకొనవచ్చును. మించనిచో పనినే మార్చవలెను గాని ఋణమును పెంచరాదు.

పనిని మార్చుట యెట్లు? కూలిగానుగ యొక దారి. ఇతరులు తెచ్చిన పప్పును ఆడి, నూనెయు చెక్కయు వారికే యిచ్చి, కిలోకు రూ. 15 వంతున కూలి పుచ్చుకొన్న క్వింటాలుకు రూ. 1,500 వచ్చును, విద్యుత్తు పోగా రూ. 1,380 మిగులును. సొంత వ్యాపారపు మిగులులో ఇది సగమే. కాని దీనికి పప్పు కొననక్కరలేదు, అరువు ఇయ్యనక్కరలేదు, ధర పడిపోవునను భయము లేదు. తొమ్మిది క్వింటాళ్ల సొంత పనికి మూడు క్వింటాళ్ల కూలిపని చేర్చినచో రూ. 4,140 వచ్చి, రూ. 3,240 కొరత తీరి, నెలకు రూ. 900 మిగులును. మొదటి యేడు పనివానిని పెట్టక ఇంటివారే నడుపుకొనుట వేఱొక దారి. ఈ దారులేవియు పనికిరానిచో ఆ యూర గానుగ పెట్టకుండుటయే లాభము. అట్లని తేల్చిచెప్పిన అంచనా వృథాపోయినదని తలపరాదు; కాగితము ఖర్చుతో మూడు లక్షలు నిలిచినవి.

వడ్డీ, సబ్సిడీల విషయము

వడ్డీరేటు వినునపుడు అది తగ్గుచున్న అసలుపైనా, మొదటి అసలుపైనా యని తప్పక అడుగవలెను. రూ. 2,40,000 కు నూటికి 12 వంతున తగ్గుచున్న అసలుపై ఐదేండ్లకు వడ్డీ సుమారు రూ. 80,400. అదే 12 ను మొదటి అసలుపైననే ఐదేండ్లును కట్టిన వడ్డీ రూ. 1,44,000. రేటు ఒక్కటే, భారము దాదాపు రెట్టింపు.

సబ్సిడీని చూచి పని మొదలిడరాదు. 2020 వ సంవత్సరమున కేంద్రప్రభుత్వము ప్రారంభించిన సూక్ష్మ ఆహారశుద్ధి పరిశ్రమల పథకము నుదాహరింతుము. అందు పెట్టుబడిలో నూటికి 35 పాళ్లు, పది లక్షలకు మించకుండ, ఋణముతో ముడిపెట్టి సబ్సిడీ యిచ్చునట్లు ఏర్పాటుచేయబడెను. అయితే ఆ సొమ్ము రైతు చేతికి రొక్కముగా రాదు; ఋణపు ఖాతాకు చేరి, మూడేండ్లు వాయిదాలు సక్రమముగా చెల్లి పరిశ్రమ నడచుచున్నపుడు సర్దుబాటగును. కావున నెలనెలా రొక్కపు లెక్కలో సబ్సిడీని రాకడగా వ్రాయకూడదు. సబ్సిడీ లేకయే నిలుచు పనికి సబ్సిడీ తోడ్పాటు. అది లేనిదే నిలువని పని, అది వచ్చినను చిరకాలము నిలువదు. పథకముల నిబంధనలు మారుచుండును గనుక దరఖాస్తు దినమున ఉన్న నిబంధనలను సంఘ కార్యాలయమున విచారింపవలెను.

వ్రాసిన లెక్కను నలుగురికి చూపుట

మన దేశమున సహకార పరపతి సంఘముల చట్టము 1904 లో వచ్చినది. అంతకుముందు మద్రాసు ప్రభుత్వపు కోరికపై ఫ్రెడరిక్ నికల్సన్ దొర ఐరోపా దేశములలోని గ్రామ పరపతి పద్ధతులను పరిశీలించి 1895 లో నివేదిక ప్రకటించెను. అందు ఆయన మెచ్చుకొన్న జర్మనీ దేశపు రైఫైజెన్ పద్ధతిలో ఋణము రాబడి తెచ్చు పనికే యిచ్చుటయు, ఒకరి సంగతి యొకరికి తెలిసిన పొరుగువారే దాని వినియోగమును గమనించుచుండుటయు ముఖ్యసూత్రములు. అంచనా లెక్క విషయమున ఈ సూత్రము నేటికిని ఉపయోగకరము. ఊరిలో చెక్క కొనువారెందఱో పాడిరైతునకు తెలియును. అరువు ఎన్నాళ్లకు వసూలగునో అంగడివానికి తెలియును. మోటారు కాలిపోయిన నెలలో ఎంత ఖర్చగునో పిండిమరవానికి తెలియును. కావున దరఖాస్తు పెట్టకముందే అట్టి నలుగురిని కూర్చుండబెట్టి లెక్కను చదివి వినిపింపవలెను. వారు ప్రశ్నించిన ప్రతి అంకెను మరల విచారించి దిద్దుకొనవలెను.

పని ఆరంభించిన తరువాతను ఈ కాగితమును పెట్టెలో పడవేయరాదు. దినదినము చిట్టా వ్రాసి, నెలాఖరున అంచనా అంకె ప్రక్కన జరిగిన అంకెను వేయవలెను. నూనె దిగుబడి, పప్పు ధర, వసూలు కాని అరువు అను మూడింటిని ముఖ్యముగా చూడవలెను. వరుసగా మూడు నెలలు జరిగిన అంకె తక్కువ అంచనాకును దిగువ నున్నచో క్రొత్తగా పప్పు కొనుట తగ్గించి, బాకీలు వసూలుచేసికొని, సంఘ కార్యదర్శితో సంప్రతింపవలెను. వాయిదా తప్పకముందు వచ్చిన సభ్యునికి గడువు విషయమున చేయగల సాయము, తప్పిన పిమ్మట చేయుట కష్టము.

సభ్యులకొక పని చెప్పి ఈ పాఠమును ముగింతుము. ఏ పరిశ్రమ పెట్టదలచినను ఒక తెల్లకాగితముపై నాలుగు లెక్కలు వ్రాయుడు: మొదటి పెట్టుబడి, ఒక క్వింటాలుకో నూరు లీటర్లకో మిగులు, నెలసరి నిలుకడ ఖర్చు, పండ్రెండు నెలల రొక్కపు పట్టిక. నాలుగవదానిని అమ్మకము నాలుగవపాలు తగ్గించి రెండవసారి వ్రాయుడు. ఆ రెండు పట్టికలలో ఏ నెల నిలువ అన్నిటికంటె తక్కువగా నున్నదో దానిక్రింద గీత గీయుడు. ఆ గీత తరువాతి నెలలలో నిలువ పైకి లేచుచున్నదా, ఇంకను దిగుచున్నదా చూచి, ఆ పిమ్మట సంఘమునకు రండు.